నేల దిగే వేళ గాలి: షోలాపూర్ నేతపేటల ఆకాశం

దక్కను పీఠభూమి మీద గాలికి ఒక వేళాపట్టిక ఉన్నది. తెల్లవారుజామున అది నేలనంటి నిశ్చలంగా ఉంటుంది, పొద్దెక్కిన కొద్దీ కుదుపులతో లేస్తుంది, మధ్యాహ్నానికి ఉద్ధృతమై, సాయంత్రానికి మళ్ళీ మెత్తబడుతుంది. ఈ దినచర్య మీద రుతువుల మార్పు కూడా పడి, వేసవిలో సుడిగాలులూ గాలిదుమారాలూ, జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి దిక్కునుంచి ఎడతెగని గాలి, చలికాలంలో తూర్పునుంచి తేలికపాటి గాలి వస్తుంటాయి. మహారాష్ట్రలోని షోలాపూర్ నగరంలో ఈ పట్టికను పాటించి తీరవలసిన పనులు రెండున్నాయి. ఒకటి, తెలంగాణ నుంచి తరలివచ్చిన పద్మశాలీలు తరతరాలుగా చేసిన నేతపని; రెండవది, నగరానికి దక్షిణాన హోట్గి రోడ్డు విమానాశ్రయంలో చిన్న విమానాన్ని నేలకు దించే పని. మొదటిదానికి రెండు శతాబ్దాల చరిత్ర ఉండగా రెండవదానికి కొన్ని దశాబ్దాల చరిత్రే ఉన్నది. అయినా రెండింటి మీదా పెత్తనం చేసేది ఒకే గాలి కనుక, విమానం దిగేటప్పటి గాలి ప్రమాదాలు మనిషికి ఎలా అర్థమవుతూ వచ్చాయో ఈ నగరాన్ని ముందుంచుకుని పరిశీలించడం సమంజసం.

షోలాపూర్ తూర్పు భాగాన ఉన్న సాఖర్ పేట, భద్రావతి పేట, దాజీ పేట, కన్నా చౌక్, అశోక్ చౌక్, పద్మానగర్ ప్రాంతాలలో నేటికీ ఇళ్ళలో వినిపించే భాష తెలుగే. నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాలనుంచి నేతకుటుంబాలు ఇక్కడికి వలస రావడం బ్రిటిష్ పాలనకు ముందే మొదలై, 19వ శతాబ్దంలో బలపడింది. 1884లో వెలువడిన బొంబాయి గెజిటీర్ షోలాపూర్ సంపుటం నాటికి నేత ఈ నగరపు ప్రధాన వృత్తులలో ఒకటి. 1877లో మొదలైన షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు, దాని వెనుక వచ్చిన లక్ష్మీ, విష్ణు, నర్సింగ్ గిర్జీ మిల్లులు నూలునూ కూలినీ రెండింటినీ అందించాయి. మార్కండేయుని సంతతి అయిన భావనారుషి తామరనారతో మొదటి వస్త్రం నేశాడని నమ్మే ఈ సమాజం మార్కండేయుని గుడి కట్టుకుని, శ్రావణ పౌర్ణమినాడు రథోత్సవం జరుపుకుంటూ వస్తున్నది. 1947లో గోఖలే సంస్థ ప్రచురించిన ఆర్. జి. కాకడే అధ్యయనం ఈ నేతకుటుంబాల ఆర్థిక స్థితిగతులను ఇల్లిల్లూ తిరిగినంత శ్రద్ధతో నమోదు చేసింది. అటుతరవాత చేతిమగ్గం స్థానాన్ని మరమగ్గం ఆక్రమించింది. షోలాపూర్ దుప్పటి దేశమంతటా పేరు తెచ్చుకుని 2005లో భౌగోళిక గుర్తింపు పొందింది.

చేతిమగ్గపు రోజుల పనితీరులో గాలితో నేరుగా తలపడే ఘట్టం పడుగు తయారీ. మగ్గం మీదికి ఎక్కే నిలువుపోగుల వరుసను పడుగు అంటారు. ఆ పోగులు అడ్డపోగును మోసే నాడె రాపిడికి తెగకుండా ఉండడానికి వాటికి గంజి పట్టించాలి. పడుగును వీధి పొడుగునా గుంజల మధ్య సాచి, ఇంటిల్లిపాదీ రెండువైపులా నిలబడి, గంజి పూసి, కుంచెలతో దువ్వుతూ ఆరబెట్టే ఈ పని తెల్లవారకముందే మొదలై ఎండ ముదరకముందే ముగియాలి. గాలి లేస్తే తడిపోగులు ఒకదానికొకటి అంటుకుని చిక్కుపడతాయి. వడగాలి తగిలితే గంజి ఒక్కసారిగా బిగిసి పోగు పెళుసెక్కుతుంది. అందువల్ల నేతకుటుంబం లేచే వేళను నిర్ణయించినది గడియారం కాదు, గాలి. వీధి ఎటువైపు సాగి ఉన్నదో, గాలి ఆ వీధి వెంట వీస్తుందో అడ్డంగా కొడుతుందో కూడా పనివారికి పట్టింపైన విషయమే. సాచిన పడుగుకు అడ్డగాలి ఎంత చేటో, రన్‌వే మీదికి దిగే విమానానికీ అంతే చేటు.

ఉదయపు నిశ్చలతకు కారణం నేలకూ గాలికీ మధ్య నడిచే వేడిమి లావాదేవీ. రాత్రి నేల త్వరగా చల్లబడడంతో దాన్ని ఆనుకుని ఉన్న గాలిపొర కూడా చల్లబడి బరువెక్కి, పైపొరలతో కలవకుండా అడుగున పడి ఉంటుంది. పైన కొన్ని వందల మీటర్ల ఎత్తున గాలి వేగంగా పోతున్నా కింద ఆకు కదలదు. పొద్దు పొడిచాక నేల వేడెక్కి, అడుగుపొర తేలికై పైకి లేచి, దాని చోటును పూరించడానికి పైగాలి తన వేగంతో సహా కిందికి దిగుతుంది. పదకొండు గంటలు దాటాక వచ్చే విసురులన్నీ ఇలా కిందికి దిగిన పైగాలి ముక్కలే. చిన్న విమానాలతో శిక్షణ ఇచ్చే చోట్ల కొత్త విద్యార్థులను ఉదయపు తొలిగంటల్లోనే ఎగరనివ్వడానికి కారణం ఇదే. అయితే ఉదయపు నిశ్చలతను పూర్తిగా నమ్మడానికీ వీల్లేదు. పై గాలిపొరలోంచి అడుగుపొరలోకి దిగుతున్న విమానానికి కొద్ది క్షణాల్లోనే ఎదురుగాలి మాయమవుతుంది. ఆ మార్పును ఎదురుచూడని పైలట్ రన్‌వేకు ముందే నేలను తాకే ప్రమాదం ఉంటుంది.

చిన్న విమానం గాలికి ఇంతగా లోబడడానికి కారణం దాని పుట్టుకలోనే ఉన్నది. 1903 డిసెంబరు 17న రైట్ సోదరులు ఎగరేసిన తొలి విమానం రెక్కలకు తొడిగినది మస్లిన్ నూలుబట్ట. ఆనాడు నాలుగుసార్లు ఎగిరి దిగిన ఆ విమానాన్ని నేలమీద నిలిపి ఉంచగా, ఒక గాలివిసురు వచ్చి దొర్లించి విరగ్గొట్టింది. అది మళ్ళీ ఎగరలేదు. ఆకాశంలో నెగ్గుకొచ్చిన యంత్రాన్ని నేలమీది గాలి ధ్వంసం చేయడం ఆ తొలిరోజునే జరిగిన సంగతి. తరవాతి మూడు నాలుగు దశాబ్దాల పాటు విమానమంటే కర్రచట్రం మీదా లోహపు గొట్టాల మీదా బిగించి, రంగునూనె వంటి ద్రావకం పూసి బిగుసుకునేట్టు చేసిన బట్టే. ఈ చరిత్రలో తెలుగు నేలకూ ఒక వాటా ఉన్నది. గోదావరి తీరాన నరసాపురం దగ్గరి మాధవాయపాలెం రేవు పేరుమీద ఐరోపా వర్తకులు పిలుచుకున్న మాడపొల్లం అనే మెత్తని నూలుబట్ట రకాన్ని, రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటన్ తయారుచేసిన మస్కిటో అనే కర్రవిమానం ఒంటిమీద అతికించారు. బట్ట అప్పటికి ఇంగ్లండులోనే తయారవుతున్నా, దాని రకానికి మూలం గోదావరి మగ్గాలే.

స్వతంత్ర భారతంలో ఫ్లయింగ్ క్లబ్బుల కోసం హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ తయారుచేసి 1958లో తొలిసారి ఎగరేసిన పుష్పక్ కూడా బట్ట తొడిగిన విమానమే. దాని నిండు బరువు 600 కిలోలకు కాస్త ఎక్కువ మాత్రమే. పెద్ద రెక్క, తక్కువ బరువు కలిసి అది నెమ్మదిగా దిగడానికి వీలిచ్చాయి. కాని నెమ్మది వేగమే గాలి దగ్గర బలహీనత. గంటకు 250 కిలోమీటర్ల వేగంతో దిగే పెద్ద విమానానికి 30 కిలోమీటర్ల గాలి ఎనిమిదో వంతు మాత్రమే అయితే, 110 కిలోమీటర్ల వేగంతో దిగే చిన్న విమానానికి అదే గాలి నాలుగో వంతుకు మించుతుంది. పైగా పుష్పక్, టైగర్ మాత్ వంటి పాతతరం విమానాలకు ప్రధాన చక్రాలు ముందూ చిన్న చక్రం తోక కిందా ఉండేవి. వాటి బరువుకేంద్రం ప్రధాన చక్రాల వెనుక ఉండడంవల్ల, దిగి పరుగెడుతుండగా పక్కగాలి తోకను కాస్త నెట్టినా చాలు, ఆ బరువు తోకను మరింత ముందుకు తోసి, విమానం ఉన్నచోటనే గిర్రున తిరిగిపోయేది. గ్రౌండ్ లూప్ అనే ఈ ప్రమాదంలో ప్రాణనష్టం అరుదైనా చక్రాలు విరగడం, రెక్క కొస నేలకు రాసుకుపోవడం మామూలు. తరవాత వచ్చిన సెస్నా విమానాలలో మూడవ చక్రాన్ని ముక్కు కిందికి మార్చడంతో ఈ బెడద చాలావరకు తగ్గింది.

ఇక్కడ తరచుగా మరుగున పడే విషయం ఒకటి చెప్పాలి. విమానయానపు మొదటి కాలంలో పక్కగాలి ఇంత పెద్ద సమస్య కాదు, ఎందుకంటే అప్పుడు రన్‌వేలే లేవు. చదును చేసిన విశాలమైన గడ్డిమైదానం, దాని మధ్య గాలిదిక్కును చూపే గుర్తు, ఇంతే విమానాశ్రయం. పైలట్ ఆ గుర్తును చూసుకుని ఏ దిక్కునుంచి గాలి వస్తే ఆ దిక్కుకే ముక్కు పెట్టి దిగేవాడు. 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా కరాచీ నుంచి పుస్ మాత్ విమానంలో టపా తీసుకుని బొంబాయి జుహూలో దిగినప్పుడూ, అక్కడినుంచి నెవిల్ వింట్‌సెంట్ ఆ టపాను అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చినప్పుడూ దిగిన చోట్లన్నీ ఇలాంటి మైదానాలే. వానాకాలంలో జుహూ బురదమయం కావడంతో విమానాలను పూనాకు మార్చవలసి వచ్చేది. అంటే ఆ రోజుల్లో దిగడానికి అసలు ఆటంకం నేల మెత్తదనమే. బరువైన విమానాలు వచ్చాక గట్టి రన్‌వే తప్పనిసరి అయింది. దానితో బురద బాధ తీరింది గాని, విమానం దిగే దిక్కును నేలమీద శాశ్వతంగా గీసినట్టయింది. 1940లలో లండన్ హీత్రూలో ఆరు రన్‌వేలను నక్షత్రాకారంలో వేయడం వెనుక ఉన్నది ఎటునుంచి గాలి వచ్చినా ఒక రన్‌వే దానికి ఎదురుగా ఉండాలన్న పాత ఆలోచనే. విమానాలు పెద్దవైన కొద్దీ పక్కగాలిని తట్టుకునే శక్తి వాటికి పెరిగి, అడ్డదిశ రన్‌వేలు అనవసరపు ఖర్చుగా కనిపించి, చిన్న ఊళ్ళలో ఒకే ఒక్క రన్‌వే ఆచారంగా స్థిరపడింది. పెద్ద విమానాలకు కుదిరిన ఈ పొదుపు భారాన్ని మోసినవి చిన్న విమానాలే.

అందుచేతనే ఆ ఒక్క రన్‌వేను ఏ దిక్కుకు వేయాలన్నది అత్యంత జాగ్రత్తగా తేల్చవలసిన నిర్ణయం. అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ దీనికి ఒక కొలమానం పెట్టింది. కనీసం ఐదేళ్ళ గాలి లెక్కలు తీసుకుని, ఏడాదిలో 95 శాతానికి తగ్గకుండా ఆ రన్‌వే వాడుకకు పనికివచ్చేలా దిశను ఎంచుకోవాలన్నది దాని సిఫార్సు. లెక్కకట్టేటప్పుడు పొడవైన రన్‌వేలు అవసరమయ్యే విమానాలకు గంటకు 37 కిలోమీటర్ల పక్కగాలిని హద్దుగా తీసుకుంటే, 1200 మీటర్ల లోపు రన్‌వే చాలిన చిన్న విమానాలకు 19 కిలోమీటర్లనే హద్దుగా తీసుకుంటారు. అంటే చిన్న విమానం తట్టుకోగల పక్కగాలి పెద్దదానిలో సగమేనని ఈ ప్రమాణమే ఒప్పుకుంటున్నది. 1930లలో హైదరాబాద్ స్టేట్ ఏరో క్లబ్ విమానాలు ఎగిరిన బేగంపేటలో గాని, 2008లో తెరుచుకున్న శంషాబాద్‌లో గాని రన్‌వేలు తూర్పు పడమరలుగా సాగి ఉంటాయి. నైరుతి రుతుపవన కాలమంతా పడమటినుంచి వీచే గాలికి అవి దాదాపు సూటిగా ఎదురుపడతాయి కనుక దక్కను మీద ఇంతకంటే మంచి దిశ ఉండదు.

షోలాపూర్ హోట్గి రోడ్డు రన్‌వే సుమారు రెండు కిలోమీటర్ల పొడవున వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగి ఉన్నది. ఉత్తర దిక్కునుంచి కొలిచే కోణాల లెక్కలో దాని రెండు కొసలూ 150, 330 డిగ్రీలు. జూలైలో నేరుగా పడమటినుంచి, అంటే 270 డిగ్రీల నుంచి, గంటకు 37 కిలోమీటర్ల గాలి వీస్తున్నదనుకుంటే రన్‌వేకూ దానికీ మధ్య కోణం 60 డిగ్రీలవుతుంది. ఆ గాలిలో సగం ఎదురుగాలిగా ఉపకరిస్తే, 32 కిలోమీటర్ల వంతు పక్కనుంచి నెడుతుంది. శిక్షణకు ఎక్కువగా వాడే సెస్నా 172ను తయారీదారులు పరీక్షించి చూపిన పక్కగాలి గంటకు 28 కిలోమీటర్లే. గాలి మరికాస్త నైరుతికి తిరిగితే ఎదురుగాలి లాభం కూడా పోయి, మొత్తం బలమంతా పక్కమీదే పడుతుంది. ఏటీఆర్ 72 వంటి ప్రయాణికుల విమానం గంటకు 65 కిలోమీటర్ల పక్కగాలిని సైతం తట్టుకోగలదు కాబట్టి దానికి ఇదంతా రోజువారీ వ్యవహారం. చిన్న విమానానికి మాత్రం వానాకాలపు మధ్యాహ్నాలు ఇక్కడ నిజంగా కష్టకాలమే.

పక్కగాలిలో దిగడానికి పైలట్లు రెండు ఉపాయాలు వాడతారు. విమానం ముక్కును గాలివైపు కొంత తిప్పి, చూసేవారికి అది ఏటవాలుగా పోతున్నట్టు కనిపిస్తున్నా దారి మాత్రం రన్‌వే గీత మీదనే ఉండేట్టు నడిపి, చక్రాలు తాకబోయే ముందు ముక్కును సరిచేయడం ఒకటి. దీన్ని వారు పీతనడక అంటారు. గాలి వచ్చే వైపు రెక్కను దించి, చుక్కానితో ముక్కును సూటిగా పట్టి, ముందు ఆ వైపు చక్రం మీదే దిగడం రెండవది. ఏది వాడినా గాలి నిలకడగా ఉన్నంతసేపే లెక్క కుదురుతుంది. విసురుల మధ్య గాలి ఒక్కసారి తగ్గినా, దిశ మారినా, అంతవరకు సరిగా ఉన్న వాలు క్షణంలో తప్పుడు వాలు అవుతుంది. రన్‌వే పక్కన ఎత్తయిన కట్టడాలో చెట్ల వరుసో ఉంటే వాటిని దాటి వచ్చే గాలి సుడులు తిరుగుతూ, ఆ కట్టడం ఎత్తుకు పది రెట్ల దూరం దాకా నేలనంటి ప్రాకుతుంది. సరిగ్గా చక్రాలు నేలను తాకే ఎత్తులోనే ఈ సుడులు తగులుతాయి.

వేసవి వేరే రకం పరీక్ష పెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో షోలాపూర్‌లో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. సముద్రమట్టానికి 480 మీటర్ల ఎత్తున ఉన్న రన్‌వే మీద ఆ వేడిలో గాలి ఎంత పలచబడుతుందంటే, విమానం 1500 మీటర్ల ఎత్తులో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. పలచని గాలిలో రెక్కకు అదే ఆధారం దక్కాలంటే ఎక్కువ వేగం కావాలి, ఎక్కువ వేగంతో దిగితే ఆగడానికి ఎక్కువ దూరం కావాలి. దీనికి తోడు దున్ని వదిలిన నల్లరేగడి చేలమీద మిట్టమధ్యాహ్నం లేచే సుడిగాలులు. ధూళి పట్టిన సుడిగాలి కంటికి కనిపిస్తుంది గనుక తప్పించుకోవచ్చు. గట్టి తారు మీదికి వచ్చాక దానికి ధూళి దొరకదు, కాని తిరగడం ఆగదు, కంటికి కనిపించకుండానే రెక్కను ఎత్తేస్తుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది తొలకరికి ముందు సాయంత్రాల్లో ఉరుములతో వచ్చే గాలివాన. ఉరుముమేఘం అడుగునుంచి చల్లబడ్డ గాలి గుండంలా కిందికి కుంగి, నేలను తాకి నలువైపులకూ చిమ్ముతుంది. దానిలోకి దిగుతున్న విమానానికి మొదట ఎదురుగాలి పెరిగి, అది పైకి తేలినట్టనిపిస్తుంది. పైలట్ ఇంజిన్ శక్తి తగ్గిస్తాడు. మరుక్షణం కిందికి తోసే గాలి, ఆ వెంటనే వెనుకగాలి వస్తాయి. గంటకు 115 కిలోమీటర్ల గాలివేగంతో దిగుతున్న చిన్న విమానానికి అందులో 35 కిలోమీటర్లు ఎదురుగాలి ఇచ్చినవే అనుకుంటే, ఆ ఎదురుగాలి హఠాత్తుగా పోయినప్పుడు మిగిలేది 80. ఆ వేగంలో రెక్క విమానాన్ని మోయలేని స్థితికి చేరువవుతుంది. గాలి వేగమో దిశో కొద్ది దూరంలోనే ఇలా తెగినట్టు మారడాన్ని విండ్ షియర్ అంటారు. దీని తీవ్రరూపాన్ని గుర్తించినవాడు జపాన్‌లో పుట్టి చికాగోలో పనిచేసిన టెట్సుయా ఫుజిటా. 1975 జూన్ 24న న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయంలో ఈస్టర్న్ సంస్థ 66వ నంబరు విమానం కూలి 113 మంది మరణించిన ఘటనను పరిశీలించి, మేఘం నుంచి కుంగిన గాలే కారణమని ఆయన తేల్చాడు. ఆ సిద్ధాంతాన్ని మొదట చాలామంది శాస్త్రజ్ఞులు నమ్మలేదు. 1982లో డెన్వర్ దగ్గర జరిగిన రాడార్ పరిశీలనల్లో అలాంటి గాలులు పదేపదే కనిపించాకనే వాదం సద్దుమణిగింది. 1985లో డాలస్‌లో డెల్టా 191 కూలిన తరవాత రాడార్లూ, పైలట్ల శిక్షణా ఆ దిశగా బలపడ్డాయి.

డెన్వర్ పరిశీలనలు తేల్చిన మరో సంగతి షోలాపూర్ వంటి మెట్టప్రాంతాలకు మరీ ముఖ్యం. పొడిగాలి ఉన్న చోట మేఘంనుంచి జారిన వాన నేలకు చేరకముందే ఆవిరైపోతుంది. ఆ ఆవిరి కావడంలోనే గాలి చల్లబడి, బరువెక్కి, మరింత వేగంగా కిందికి కుంగుతుంది. అంటే నేలమీద చినుకు కూడా పడకుండానే ప్రమాదం రావచ్చు. మేఘం కింద వేలాడే సన్నని వానతెర, నేలమీద ఉంగరంలా లేచే దుమ్ము తప్ప వేరే హెచ్చరిక ఉండదు. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఈ జిల్లా మేఘాల మీద శాస్త్రజ్ఞులకు ప్రత్యేక శ్రద్ధ ఉన్న మాట కూడా నిజం. పూనాలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ 2018, 2019 వానాకాలాల్లో ఇక్కడి 276 మేఘాలను పరిశీలించి, వాటిలో కొన్నింటిలో చిన్న విమానాలతో కాల్షియం క్లోరైడ్ కణాలు చల్లించింది. గాలివాలుకు వంద చదరపు కిలోమీటర్ల మేర వాన సుమారు 18 శాతం పెరిగిందని 2023లో ప్రకటించింది. మేఘాల అడుగున పైకి లేచే గాలిని వెతుక్కుంటూ ఎగిరిన ఆ విమానాలు షోలాపూర్ ఆకాశంలోని గాలిని ఎంత దగ్గరగా చూశాయో మరెవరూ చూసి ఉండరు.

నగరం మాత్రం తన విమానాశ్రయం గురించి తలచుకున్నప్పుడల్లా మాట్లాడినది గాలి గురించి కాదు, ఒక చిమ్నీ గురించి. మిల్లుల కాలంలో షోలాపూర్‌కు చిమ్నీలు కొత్తకాదు. అవి కూలి ఇచ్చే చోటుకు గుర్తులు. పైలట్ల పాత పాఠాల్లో చిమ్నీ పొగకు ఒక ఉపయోగం కూడా ఉండేది. పొగ వంగిన దిక్కు, వంగిన కోణం చూసి గాలి దిశనూ బలాన్నీ అంచనా వేసుకోవడం అందరికీ తెలిసిన పద్ధతి. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాక, 21వ శతాబ్దంలో లేచిన మరో చిమ్నీ నగరాన్ని చీల్చింది. విమానాశ్రయానికి సమీపంలోని శ్రీ సిద్ధేశ్వర్ సహకార చక్కెర కర్మాగారం విద్యుదుత్పత్తి కోసం కట్టిన 90 మీటర్లకు పైబడిన ఆ చిమ్నీ, విమానాల దారికి అడ్డమన్న కారణంతో ఏళ్ళ తరబడి వివాదంలో నలిగింది. కింగ్‌ఫిషర్ సంస్థ 2009–10 ప్రాంతంలో ముంబయికి నడిపిన సర్వీసు ఆగిపోయాక, చిన్న నగరాలకు విమానాలు నడిపించే కేంద్రప్రభుత్వ ఉడాన్ పథకం తొలి విడతలోనే షోలాపూర్ పేరు చేరినా విమానం రాలేదు. కర్మాగారంలో సభ్యులైన చెరకు రైతులు జీవనాధారం పోతుందని అడ్డుకోగా, నగరంలోని వర్తకులు విమానం కావాలని ఉద్యమించగా, చివరకు 2023 జూన్ 15న పోలీసు బందోబస్తు మధ్య ఆ చిమ్నీని కూల్చివేశారు. 2024 సెప్టెంబరు 29న కొత్త టెర్మినల్‌ను ప్రారంభించారు. 2025 జూన్ 9న గోవాకు ఏటీఆర్ విమానాలు మొదలయ్యాయి.

ఆ వివాదంలో రెండు పక్షాలకూ న్యాయమైన కష్టాలున్నాయి. ఇక్కడ గమనించవలసినది వేరొకటి. దారిలో నిలిచిన ఎత్తయిన కట్టడం విమానాన్ని ఢీకొనే అడ్డంకి మాత్రమే కాదు, అది గాలినిబట్టి కొసను ఎంచుకునే స్వేచ్ఛను కూడా హరిస్తుంది. రన్‌వేకు రెండు కొసలు ఉండడం గాలి కోసమే. ఒక కొస దారి మూసుకుపోతే, గాలి తిరిగిన రోజున పైలట్‌కు మిగిలేది వెనుకగాలితో దిగడమో, దిగకుండా మరో ఊరికి పోవడమో. వెనుకగాలి వేగంలో గంటకు దాదాపు ప్రతి నాలుగు కిలోమీటర్లకూ చిన్న విమానం ఆగడానికి పట్టే దూరం పదిశాతం చొప్పున పెరుగుతుందని తయారీదారుల పట్టికలే చెబుతాయి. విమానాశ్రయాల చుట్టూ కట్టడాల ఎత్తును నియంత్రించే 2015 నాటి కేంద్ర నిబంధనలను ఈ దృష్టితో చదివితే వాటి అవసరం ఇంకా బాగా బోధపడుతుంది. అక్కల్‌కోట్ రోడ్డు పారిశ్రామికవాడలో అద్దకపు చిమ్నీ కట్టేవారికీ, తూర్పు శివారులో అంతస్తులు లేపేవారికీ ఆ నిబంధనలు కాగితపు తద్దినంగా తోచవచ్చు గాని, వాటి వెనుక ఉన్నది గాలినిబట్టి కొసను ఎంచుకునే ఈ స్వేచ్ఛే.

ఇన్ని రాడార్లు వచ్చినా, రన్‌వే పక్కన గాలిని చూపే చివరి సాక్షి ఇప్పటికీ ఒక బట్టముక్కే. విండ్‌సాక్ అనే ఆ గొట్టం 3.6 మీటర్లకు తగ్గని పొడవుతో, 0.9 మీటర్లకు తగ్గని మూతి వెడల్పుతో, 300 మీటర్ల ఎత్తునుంచి కనిపించే రంగులో ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. నైలాన్ వచ్చినా దాని నేతా కుట్టూ బట్టకు సంబంధించిన విద్యలే. విండ్ షియర్ గుట్టును అది పూర్తిగా చెప్పలేదు. తానున్న చోటి గాలిని మాత్రమే చెబుతుంది. రన్‌వే రెండు కొసలా రెండు విండ్‌సాక్‌లు చెరొక దిక్కు చూపుతుంటే, వాటి మధ్య ఏదో తెగిందని చూసే కన్ను గ్రహించాలి.

హోట్గి రోడ్డులో విమానాలు మళ్ళీ దిగుతున్న ఈ సమయంలో చేయవలసిన పని ఒకటున్నది. అక్కడి గాలి లెక్కలను నెలవారీగా, గంటలవారీగా క్రోడీకరించి, ఏ నెలలో ఏ వేళ పక్కగాలి ఎంత ఉంటుందో, తొలకరి గాలివానలు ఏ దిక్కునుంచి ఎన్ని గంటలకు వస్తాయో మరాఠీలోనూ తెలుగులోనూ కన్నడంలోనూ అచ్చువేయాలి. ఆ పుస్తకం పైలట్ విద్యార్థికి ఎంత అవసరమో, చిమ్నీకి అనుమతి అడిగే కార్ఖానా యజమానికీ, అనుమతి ఇచ్చే నగరపాలక సంస్థకూ అంతే అవసరం. వీధిలో పడుగు సాచిన తరం మెల్లమెల్లగా కనుమరుగవుతున్నది కనుక, నేతపేటల పెద్దలకు తెలిసిన గాలివేళలను కూడా వారు ఉండగానే అడిగి ఆ పుస్తకంలో చేర్చాలి.